సమస్యాపూరణం: సిగ్గు లేనివాడె సిగ్గుపడును

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. వస్తువు, 1947లో అమెరికాలో కొరొనెట్ సంస్థ బడిపిల్లల కోసం తీసిన ‘షై గై’ అనే చిన్న చిత్రం. కొత్త ఊరికి వచ్చిన ఫిల్ నేలమాళిగలో రేడియోలతో కాలక్షేపం చేస్తాడు, తోటివారితో మాట కలపలేడు. అందరూ మెచ్చే పిల్లలు ఏమి చేస్తున్నారో గమనించమంటాడు తండ్రి. ఇక ఆ కుర్రవాడు వేగులవాడిలా బడంతా కాపు కాస్తాడు. మొహమాటానికి మందు ఇదట! ఇటువంటి చిత్రాల ముందు కూర్చుని వెక్కిరించే టీవీ కార్యక్రమమొకటి 1988లో మిన్నియాపొలిస్‌లో మొదలైంది: ఒక మనిషి, మరబొమ్మలు, అదుపు లేని నోళ్లు. ఆ ధోరణిలో పూరించండి.

తెరచాటు:
తలను వంచి నిలిచి తడబడు తెరమీద
జంకు గొంకు లేదు షాటు ముగియ
నటుడు గనుక వాడు నాటకమందున
సిగ్గు లేనివాడె సిగ్గుపడును

నిర్వాహకుడు: విరోధం చక్కగా విడిపోయింది. ఫిల్‌గా నటించిన డిక్ యార్క్ 1964లో టీవీలో మంత్రగత్తెకు మొగుడయ్యాడు. జంకే మనిషి చేసే పనేనా? జకారానికి షకారంతో యతి చెల్లుతుంది. ‘షాటు’ మీద పండితులు అలిగితే అలగనీయండి.

తుంటరి:
వెండితెరను జూచి వెక్కిరించెడువాడు
తనదు పదియునారు తలచుకొనిన
చెవులు రెండు కంది చేతులు దాచును
సిగ్గు లేనివాడె సిగ్గుపడును

తెరచాటు: చురక మనకే! చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడమే ఆ వయసుకు గుర్తు. మూడో పాదానికి నా ఓటు.

కొత్త కలం:
రేడియోల నడుమ రేడు వాడే గాని
తోటివారు పిలువ తొట్రుపాటు
తీగ ముడులు విప్పు దిట్టయే జనులతో
సిగ్గు లేనివాడె సిగ్గుపడును

నిర్వాహకుడు: రేడియోలకు రేడు, భలే! కానీ అన్వయం తిరగబడింది. ‘జనులతో’ వెళ్లి ‘సిగ్గు లేనివాడె’కు అంటుకుంటోంది, పాపం, ఫిల్ వాగుడుకాయ అయిపోయాడు. ‘జనుల యెదుట గాక జంత్రములెదుటను’ అంటే సరిపోతుంది.

కొత్త కలం: ధన్యవాదాలండీ. కానీ తీగలు పోతే వాడి పనితనం పోతుంది, చివరికి వాడికి స్నేహితులను తెచ్చేది ఆ విద్యే కదా. ‘తీగ ముడులు విప్పు దిట్టయై వాటితో’ అనవచ్చునా?

నిర్వాహకుడు: నిక్షేపంగా. నా జంత్రములు వెనక్కి తీసుకుంటున్నాను.