మన వానలో యాసిడ్ లేదు కాబట్టి పొగగొట్టాలకి ఎఫ్‌జీడీ అక్కర్లేదా?

సింగరేణి బిడ్డ

చాన్నాళ్లుగా మనసులో ఉన్న విషయం, అందరూ చెప్పండి. బొగ్గు మండితే అందులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారి పొగగొట్టంలోంచి పోతుంది. గాలిలో తేమతో కలిస్తే సల్ఫ్యూరిక్ యాసిడ్. 2015 డిసెంబర్‌లో కేంద్రం థర్మల్ ప్లాంట్లకి ఈ సల్ఫర్ డయాక్సైడ్‌మీద పరిమితి పెట్టి రెండేళ్ల గడువిచ్చింది. పొగలోంచి గంధకాన్ని పట్టేసే ఎఫ్‌జీడీ యంత్రాలు పెడితే తప్ప చాలా ప్లాంట్లు ఆ పరిమితికి లోబడలేవు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లకి ఆ బాధ్యతే తీసేశారు. చిమ్నీ నిర్ణీత ఎత్తుంటే చాలట. పది లక్షల జనాభా దాటిన నగరాలకి 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం 2027 ఆఖరు వరకు టైమ్ ఇచ్చి తప్పనిసరి చేశారు.

నా దృష్టిలో ఇది తప్పు. ఊళ్లో ఉండేవాళ్ల ఊపిరికీ నగరంలో ఉండేవాళ్ల ఊపిరికీ తేడా ఏముంది?

బాయిలర్ డ్యూటీ

తమ్ముడూ, పంతొమ్మిదేళ్లుగా ప్లాంటులో పనిచేస్తున్నాను, నేను చూసింది చెప్తాను. మన బొగ్గులో గంధకం సుమారు అర శాతమే. అస్సాం, మేఘాలయ బొగ్గులోనే ఎక్కువ. మన బొగ్గుతో అసలు తలనొప్పి బూడిద, వందకి 35, 40 పాళ్లు అదే. ఎఫ్‌జీడీకి మెగావాట్‌కి కోటి రూపాయల పైనే అవుతుంది. సున్నపురాయి లారీల్లో తేవాలి, పొడి కొట్టాలి, నీళ్లలో కలిపి పొగమీద జల్లాలి, చివరికి తడి జిప్సం మిగులుతుంది. అది కొనే సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర్లో లేకపోతే గుట్టలు పడుతుంది. ఈ పంపులకీ మిల్లులకీ కరెంటు మళ్లీ మన ప్లాంటుదే. ఎఫ్‌జీడీ లేకపోతే కరెంటు యూనిట్‌కి 25–30 పైసలు మిగులుతాయని ప్రభుత్వమే చెప్పింది. ఆ డబ్బుతో ముందు బూడిద పట్టే ఈఎస్‌పీలు బాగుచేసుకుందాం. యూరప్‌లో యాసిడ్ వానకి అడవులు ఎండాయని ఇక్కడ టెన్షన్ పడితే ఎలా? మన వాన అలాంటిది కాదు.

కెమిస్ట్రీ టీచర్

మీ లెక్కలతో నాకు పేచీ లేదండీ. "మన వాన అలాంటిది కాదు" అన్నచోటే ఆగాలి.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల శుభ్రమైన వాన నీళ్లే పీహెచ్ 5.6 దగ్గర ఉంటాయి. ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పదింతలైనట్టు. మన దగ్గర అంత తగ్గకపోవడానికి కారణం ఆమ్లం లేకపోవడం కాదు, దుమ్ము. వంటింటి గట్టుమీద కడప బండ చూడండి. నిమ్మకాయ పిండి తుడవకుండా వదిలేస్తే తెల్లవారేసరికి మచ్చ పడుతుంది, ఆ చోట నునుపు పోయి వేలికి గరుకు తగులుతుంది. బండలోని సున్నం నిమ్మరసాన్ని విరిచింది, తాను కరిగింది. మన గాలిలో లేచే మట్టిలోని సున్నం కూడా మేఘంలోని యాసిడ్‌ని అలాగే విరిచేస్తుంది.

పోయిన ఏడు తొలి వానకి మేడమీద స్టీలు పళ్లెం పెట్టాను. అడుగున ఎర్రమట్టి వేలికి అంటేంత పేరుకుంది, పీహెచ్ పేపర్ 7 చూపించింది. గంటసేపు కురిశాక ఇంకో పళ్లెం పెట్టాను. ఈసారి నీళ్లు తేటగా ఉన్నాయి, పేపర్ రంగు 6 కంటే కిందికి దిగింది. పేపర్ పరీక్ష అంత ఖచ్చితం కాదని తెలుసు. కానీ వాతావరణ శాఖ, పుణెలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1987 నుంచి 2021 దాకా పది కేంద్రాల్లో వాన నీళ్లు పరీక్షిస్తే చాలాచోట్ల పీహెచ్ తగ్గుతూ వస్తోందని తేలింది. ఆ పదింటిలో మన విశాఖపట్నం ఉంది, అక్కడా తగ్గుతోంది.

ఈఎస్‌పీలు బాగుచేద్దామన్నారు, తప్పకుండా చేయాలి. రోడ్లమీద దుమ్మూ తగ్గాలి. కానీ విరుగుడు తీసేసి విషాన్ని అలాగే ఉంచితే ఏమవుతుంది? బూడిదలోనూ ఆమ్లాన్ని విరిచే క్షారం ఉంటుంది కదా.

మిర్చి రైతు

మా పొలం ప్లాంటుకి మూడు కిలోమీటర్లు. ఏ ప్లాంటో వద్దులెండి. ఆకుమీద వేలితో గీస్తే గీత పడుతుంది, అంత బూడిద. మచ్చలూ వస్తున్నాయి. ఇది యాసిడ్ వానేనా?

కెమిస్ట్రీ టీచర్

కాకపోవచ్చండీ. వాన వల్ల ఆకుమీద మచ్చ కనబడాలంటే పీహెచ్ 3 దగ్గరికి దిగాలి. సల్ఫర్ డయాక్సైడ్ వాయువే నేరుగా తగిలితే ఆకులో ఈనెకీ ఈనెకీ మధ్య భాగం తెల్లబడుతుంది, అలా ఉందేమో చూడండి. యాసిడ్ వాన అసలు దెబ్బ నేలలో, చాలా నిదానంగా. మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం కడుక్కుపోతాయి, అల్యూమినియం కరిగి నీళ్లలోకి దిగుతుంది. నార్వే దక్షిణాన చెరువుల్లో చేపలు పోయింది ఇలాగే, మొప్పలకి అల్యూమినియం పట్టి. నల్లరేగడిలో సున్నపు గుళ్లుంటాయి కాబట్టి తట్టుకుంటుంది. కొండప్రాంతాల ఎర్రనేలలకి ఆ బలం తక్కువ.

బాయిలర్ డ్యూటీ

ఆకు పైకి ముడుచుకుంటే అది తామర పురుగన్నా, అదీ చూసుకో. బూడిద మాత్రం మా తప్పే, ఒప్పుకుంటాను.

మేడం, దుమ్ము పోతే యాసిడ్ బయటపడుతుందన్న కోణంలో నేను ఆలోచించలేదు. కానీ ఎత్తైన చిమ్నీ ఉందిగా, పొగ పైకి పోయి పలచబడుతుంది.

సింగరేణి బిడ్డ

అన్నా, కెనడాలో సడ్బరీ అనే ఊళ్లో 1972లో 381 మీటర్ల చిమ్నీ కట్టారు. ఊళ్లో గాలి బాగుపడింది, గంధకం దూరం వెళ్లి పడింది. బ్రిటన్ పొగ సముద్రం దాటి నార్వేలో పడిందీ అంతే. ఎత్తు పెంచితే పొగ పక్కూరికి పోతుందే గానీ మాయం కాదు. పైగా ఎంత దూరం పోతే వాయువు సల్ఫేట్ కణాలుగా మారడానికి అంత సమయం దొరుకుతుంది. ఆ కణాలు పీఎం 2.5లో భాగం, అంటే మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేవి. అందుకే వాన పీహెచ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదంటున్నాను.

చైనా ఎఫ్‌జీడీలు పెట్టుకుని తగ్గించుకుంది. ఉపగ్రహ కొలతల్లో ఇప్పుడు సల్ఫర్ డయాక్సైడ్‌లో మనమే ముందున్నాం. అర శాతమే అయినా, మనం కాల్చే బొగ్గు ఎంతో నీకు తెలుసు.

బాయిలర్ డ్యూటీ

తెలుసు తమ్ముడూ, ఒక్క పెద్ద యూనిట్‌కే రోజుకి వేల టన్నులు. సల్ఫేట్ సంగతి కాదనను. అయినా అన్నిటికీ ఒకేసారి పెట్టాలంటే డిస్కంలు ఆ భారం జనం బిల్లులోనే వేస్తాయి. ఇంకా పాతికేళ్లు నడిచే కొత్త యూనిట్లకి ముందు పెట్టాలి, నాలుగైదేళ్లలో మూసేసే పాతవాటికి వద్దు. నా మాట ఇదీ. 78 శాతాన్ని గంపగుత్తగా వదిలేయడం మాత్రం నాకూ సరిగా అనిపించడం లేదు.

మిర్చి రైతు

మా దగ్గరున్నది కొత్తదే. మేడం, ఆ పీహెచ్ పేపర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, ఈసారి మా కల్లం దగ్గర నేనూ పళ్లెం పెడతాను.