కాలిబాట మీద గుర్రం ఎదురైతే ఏం చేయాలి? మీ అనుభవాలు చెప్పండి

కొండబాట:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం జరిగింది ఇంకా మనసులోంచి పోవడం లేదు. కొండ పక్కన సన్నటి దారిలో ఒక్కణ్ణే నడుస్తున్నాను. మలుపు అవతల డెక్కల చప్పుడు వినిపించింది. వచ్చేవాళ్లకి అడ్డం ఉండకూడదని దారి దిగి, ఒక పొద వెనక నిలబడ్డాను. గుర్రం పొద దాకా వచ్చి టక్కున ఆగింది. మెడ పైకెత్తి, ముక్కుపుటాలు ఎగరేసి బుస్సుమంది. మరుక్షణం పక్కకి గెంతింది. మీద ఉన్నావిడకి రికాబులోంచి కాలు జారింది, జూలు పట్టుకుని ఎలాగో పడకుండా నిలిచారు. మర్యాద అనుకుని నేను చేసిన పని ఆవిడ ప్రాణం మీదకి తెచ్చింది. ఎక్కడ తప్పు చేశాను? గుర్రాల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

రౌతు:
కొండబాట గారూ, దారి ఇవ్వడం సరైనదే. కనబడకుండా నిలబడటమే పొరపాటు. వేటాడే జంతువులకి దొరక్కుండా పారిపోయి బతికిన జాతి గుర్రాలది. పొద వెనక చడీచప్పుడు లేకుండా ఉన్నది ఏదైనా దానికి పొంచి ఉన్న పులే. మనిషి అని తెలియాలంటే మనిషి గొంతు వినిపించాలి. అందుకే కనబడేలా నిలబడి, మామూలుగా మాట్లాడండి. "నమస్తే అండీ, ఇక్కడ ఆగనా?" అంటే చాలు. అవతలి మనిషి మాట వినగానే నా గుర్రం చెవి ఒకటి అటు తిరుగుతుంది. బిగుసుకున్న మెడ మెల్లగా కిందికి దిగుతుంది. పగ్గాల్లోంచి ఆ మార్పు నా వేళ్లకి తెలుస్తుంది.

ఇంకోటి. వీపున పెద్ద బ్యాగు, తల మీద గొడుగు ఉన్న మనిషి చాలా గుర్రాలకి మనిషిలా అనిపించడు. అది దగ్గరికి రాకముందే గొడుగు నెమ్మదిగా మూసేయండి. చేతికర్రలుంటే కిందికి దించి పట్టుకోండి.

రెండుచక్రాలు:
సైకిల్ తొక్కేవాళ్ల తరఫున నేను చెబుతాను. గుర్రం కళ్లు తలకి చెరో పక్క ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. కానీ సరిగ్గా తోక వెనక దానికేమీ కనబడదు. మేం వచ్చేది అటునుంచే, అదీ చప్పుడు లేకుండా. కొత్తలో ఒకసారి బాగా దగ్గరికి వెళ్లాక బెల్లు కొట్టాను. వెనక కాలు ఎప్పుడు లేచిందో చూడలేదు, హ్యాండిల్‌కి జానెడు దూరంలో డెక్క వెళ్లింది. 500 కిలోల జంతువు తన్నితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు చాలా దూరం నుంచే "వెనక సైకిల్ వస్తోందండీ!" అని కేకేస్తాను. వాళ్లు వెనక్కి చూసి రమ్మని చెయ్యి ఊపేదాకా దగ్గరికి వెళ్లను. ఊపాక కూడా మాట్లాడుతూనే, నెమ్మదిగా, బాగా ఎడంగా దాటుతాను. ఎదురుగా వస్తే దిగి నిలబడతాను. కొన్ని ట్రెయిళ్ల మొదట్లో పసుపు త్రికోణం బోర్డు ఉంటుంది, చూశారా? సైకిల్ అందరికీ దారి ఇవ్వాలి, నడిచేవాళ్లు గుర్రానికి దారి ఇవ్వాలి అని దాని అర్థం.

అడవిపూలు:
వాలు మీద అయితే ఏ వైపు తప్పుకోవాలి? నేనెప్పుడూ పైవైపు ఎక్కి నిలబడతాను.

రౌతు:
వీలైతే పల్లం వైపు దిగండి. తన కన్నా ఎత్తులో ఉన్నదాన్ని చూస్తే గుర్రానికి భయం ఎక్కువ. మీరు పైన ఉంటే అది బెదిరి కిందికి, లోయ వైపు గెంతవచ్చు.

పాతట్రెక్కర్:
వీలైతే అన్న మాట గట్టిగా గుర్తుంచుకోండి. పల్లం వైపు జారుడు రాళ్లున్న చోట దిగితే మీరు జారి పడతారు, ఆ చప్పుడుకి గుర్రం బెదురుతుంది. నేనైతే అడిగేస్తాను. తన గుర్రం సంగతి రౌతుకే బాగా తెలుసు. ఒకసారి వాళ్లు చెప్పిన మీదట ఇరవై అడుగులు వెనక్కి నడిచి, దారి వెడల్పుగా ఉన్నచోట ఆగాను.

రౌతు:
ఒప్పుకుంటాను. అడగడమే అన్నిటికన్నా మంచిది.

తోడుకుక్క:
"మా కుక్క ఏమీ చేయదండీ" అని నేనూ చాలా ఏళ్లు అన్నాను. ఆ సంగతి గుర్రానికి తెలియదు కదా. ఇప్పుడు గుర్రం కనబడగానే పట్టీ పొట్టిగా పట్టుకుంటాను. కుక్కని నాకు అవతలి పక్క కూర్చోబెట్టి, మధ్యలో నేను నిలబడతాను. మొరగడం అలవాటున్న కుక్క అయితే ఇంకా దూరం తీసుకెళ్లాలి.

పాతట్రెక్కర్:
రౌతులకీ ఒక మాట చెప్పాలి. వాన వెలిసిన మర్నాడు మెత్తటి దారిలో గుర్రాలు నడిపిస్తే పడిన గుంటలు ఎండి గట్టిపడతాయి. తర్వాత నడిచేవాళ్ల మడమలు మెలిపడేది వాటిలోనే. దారి మొదట్లో బండ్లు ఆపేచోట లద్దె ఎత్తకుండా వెళ్లిపోతారు. అవతల ఏముందో కనబడని మలుపులో దౌడు తీయిస్తారు. మేం బురదలోకి దిగి దారి ఇచ్చినా కనీసం తల ఊపకుండా పోతే మనసు చివుక్కుమంటుంది.

రౌతు:
న్యాయమైన మాటే అన్నా. నేల ఆరేదాకా మా జట్టు ఆ దారుల్లోకి వెళ్లదు. మనుషులు కనబడితే నడకకి దించుతాం. లద్దె విషయంలో మాత్రం మాలోనూ అశ్రద్ధ ఉంది. ఈసారి పార తెచ్చుకోమని అందరికీ చెబుతాను.

అడవిపూలు:
ఒక గుర్రం తోకకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. అందం కోసమా?

రౌతు:
కాదు, అది తన్నే గుర్రం అని హెచ్చరిక. ఆకుపచ్చ అయితే గుర్రానికి ఇంకా అనుభవం లేదని. రంగులు మన కోసమే, గుర్రం కంటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా పెద్దగా తెలియదు. రిబ్బను లేకపోయినా వెనక రెండు గుర్రాల పొడవంత ఎడం ఉంచండి. చెవులు మెడకి అంటుకునేలా వెనక్కి వాలిస్తే ఇంకా దూరం జరగండి. గుర్రాలు గుంపుగా వస్తుంటే ఆఖరిది దాటేదాకా కదలకండి. మీ వల్ల ఒకటి వెనకబడితే, తోటివాటిని అందుకోవాలని అది గాభరా పడుతుంది.

ఇద్దరుపిల్లలతల్లి:
మా చిన్నది గుర్రం కనబడితే చాలు, ముట్టుకోవాలని పరిగెత్తేది. ఇప్పుడు ముందు అడగాలని నేర్పాను. మొన్న ఒకాయన గుర్రాన్ని నిలబెట్టి, దిగి, భుజం దగ్గర నిమరమన్నారు. "ఎంత వెచ్చగా ఉందమ్మా!" అంది. వద్దన్నవాళ్లూ ఉన్నారు, అప్పుడు టాటా చెప్పి వచ్చేశాం.

కొండబాట:
అందరికీ చాలా థాంక్స్. ఈ పొద్దున మళ్లీ అదే దారికి వెళ్లాను. ఒకాయన నల్ల గుర్రం మీద ఎదురొచ్చారు. పల్లం వైపు దిగి, "నమస్తే అండీ, గుర్రం పేరేంటి?" అని అడిగాను. రౌతు గారు చెప్పినట్టే ఒక చెవి నా వైపు తిరిగింది. ఆయన పేరు చెబుతుండగానే అది తల దించుకుని నన్ను దాటిపోయింది. ఆ రోజు కనబడినావిడ మాత్రం రాలేదు. వచ్చే ఆదివారం కూడా అదే వేళకి వెళతాను. ఆవిడకి సారీ చెప్పాలి.