“ఫొటో కర్టెసీ: గూగుల్” అని వేస్తే సరిపోతుందా?

అచ్చుతప్పు:
మాది చిన్న తెలుగు వెబ్ పత్రిక. ప్రకటనలు లేవు, చందాలు లేవు, రాసేవాళ్లకి పారితోషికమూ లేదు. చాలామంది రచయితలు వ్యాసంతో పాటు నెట్‌లో దొరికిన ఫొటోలు కూడా పంపుతారు, కింద “కర్టెసీ: గూగుల్” అని ఉంటుంది. మేమూ అలాగే వేసేస్తాం. కొండపల్లి బొమ్మల వ్యాసానికి వేసిన ఫొటో తనదంటూ ఈమధ్య ఒకాయన మెయిల్ పెట్టాడు. వెంటనే తీసేశాం. ఇప్పుడు డబ్బు కూడా కట్టమంటున్నాడు. మావాళ్లలో తలో మాట. లాభం లేని పత్రికకి ఇవేవీ వర్తించవని ఒకరు, ఇకనుంచి అసలు ఫొటోలే వద్దని ఇంకొకరు. మీరేమంటారు?

రచ్చబండ_రాజు:
తెలుగు వెబ్ పత్రిక మీద కేసు వేసి ఎవరు మాత్రం ఏం పట్టుకుపోతారండీ? యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, వాట్సాప్ పోస్టర్లు, ఊళ్లో ఫ్లెక్సీలు, అన్నీ గూగుల్ ఫొటోలే. తీసెయ్యమన్నాడు, తీసేశారు. అక్కడితో సరి. డబ్బు మెయిల్‌కి జవాబే ఇవ్వకండి.

ఫ్లాష్_వద్దు:
రాజు గారూ, గూగుల్ ఎవరికీ ఫొటో తీసిపెట్టదు. ఎవరో తీసింది ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఇంట్లో ఫొటో తీసి చూడండి. పొణికి చెక్క పొడి లెన్సు మీద పడుతూనే ఉంటుంది. వెలుగు గుమ్మం దగ్గరే ఉంటుంది, పనివాడేమో లోపల మూలన కూర్చుంటాడు. ఫ్లాష్ కొడితే రంగులన్నీ పాలిపోతాయి. ఆయన చెయ్యి కాస్త వెలుగులోకి వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. అదంతా చేసి తీసిన ఫొటో కింద గూగుల్ పేరు కనబడితే ఒళ్లు మండదా? మీ కథ ఇంకో సైట్‌లో వేసి “రచన సౌజన్యం: ఇంటర్నెట్” అంటే ఊరుకుంటారా?

పాత_ప్లీడరు:
మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఫొటో కూడా అందులో కళాకృతే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, క్లిక్‌మన్న క్షణం నుంచే హక్కు ఉంటుంది. సెక్షన్ 52లో కొన్ని మినహాయింపులున్నాయి: సొంత అధ్యయనం, విమర్శ, సమీక్ష, తాజా వార్తలు. సినిమా సమీక్షలో దాని పోస్టర్ వేస్తే వాదించుకోవడానికి చోటుంది. వ్యాసం పేజీ బోసిగా ఉందని ఎవరిదో ఫొటో వేస్తే లేదు.

ఇక లాభాపేక్ష సంగతి. సెక్షన్ 63 ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేసింది కాకపోతే కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. ఒక ఫొటోకి మిమ్మల్ని జైల్లో వేస్తారని కాదు నేననేది. లాభం లేనంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

ఫ్లాష్ గారికి ఒక చిన్న మాట. పెళ్లి ఫొటోల్లో మాత్రం కథ తిరగబడుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. సెక్షన్ 17. మీ స్టూడియో వాళ్లు బిల్లు మీద ఏం అచ్చేస్తున్నారో ఒకసారి చూసుకోండి.

రచ్చబండ_రాజు:
చట్టం నేనూ చూశాను ప్లీడరు గారూ. సెక్షన్ 55లో తెలియక వాడినవాడికి రక్షణ ఉంది. కాపీరైట్ ఉందని తెలియదు, అనుమానించే కారణమూ లేదు అని నిరూపించుకుంటే నష్టపరిహారం కట్టక్కర్లేదు.

పాత_ప్లీడరు:
ఉంది. కానీ “కర్టెసీ” అని మీరే రాశాక, అది ఇంకొకరిదని తెలియదని ఏ ముఖం పెట్టుకుని చెప్తారు? ఆ మాట మిమ్మల్ని కాపాడదు సరికదా, అవతలివాడి చేతికి సాక్ష్యమవుతుంది.

రచ్చబండ_రాజు:
పెద్ద సంస్థలు మాత్రం నిజాయితీగా ఉన్నాయా? అమెరికాలో కారల్ హైస్మిత్ అనే ఫొటోగ్రాఫర్ వేల ఫొటోలు ఎవరైనా వాడుకోవచ్చని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఉచితంగా ఇచ్చేసింది. 2015 చివర్లో ఆవిడ ఫొటో ఆవిడ సంస్థ సైట్‌లోనే ఉంటే, 120 డాలర్లు కట్టమని ఆవిడకే ఉత్తరం వచ్చింది! ఫొటోలు అమ్మే గెట్టీ సంస్థ మీద ఆవిడ 2016లో కేసు వేస్తే అందులో ముఖ్యమైన భాగాన్ని కోర్టు కొట్టేసింది. డబ్బు కట్టమన్న ప్రతివాడికీ హక్కు ఉంటుందని ఎలా నమ్మాలి?

వికీ_కూలీ:
నమ్మక్కర్లేదు. అడిగినవాడిని ఫొటో తనదేనని ముందు చూపించమనాలి: ఒరిజినల్ ఫైలో, మొదట ఎక్కించిన పేజీయో. హైస్మిత్ కథలో తేలిందల్లా, కాపీరైట్ లేని ఫొటోని ఎవరైనా అమ్ముకోవచ్చు, మనం కొనక్కర్లేదు అనే. అలాంటివి వెతుక్కుని వాడమనే నేనూ అనేది.

డిజైన్_దుకాణం:
ఇంత టెన్షన్ ఎందుకండీ? పెక్సెల్స్, పిక్సాబే, అన్‌స్ప్లాష్ ఉన్నాయిగా. ఫ్రీ. పేరు కూడా వెయ్యక్కర్లేదు. నేను రోజూ వాడతాను.

ఫ్లాష్_వద్దు:
అక్కడ తెలుగు పల్లె ఒక్కటి వెతికి చూపించండి. నేను “ఇండియన్ విలేజ్” అని కొట్టినప్పుడల్లా రాజస్థాన్ తలపాగాలూ ఒంటెలూ వస్తాయి. గోదావరి జిల్లా కథకి ఒంటె బొమ్మ వేసిన పత్రికని నా కళ్లతో చూశాను.

వికీ_కూలీ:
దుకాణం గారూ, “ఫ్రీ” అనే ముందు లైసెన్సు పేజీ చదవాలి. అన్‌స్ప్లాష్ 2017 దాకా, పిక్సాబే 2019 మొదటిదాకా అన్ని హక్కులూ వదిలేసే సీసీ జీరో (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్: ఫలానా షరతులతో వాడుకోండని తీసినవారే ముందుగా ఇచ్చే లైసెన్సు) కింద ఇచ్చేవి. ఇప్పుడు వేటి సొంత లైసెన్సు వాటికుంది. ఫొటోని ఉన్నదున్నట్టు అమ్ముకోకూడదు, అందులోని మనిషి మీ సరుకుని మెచ్చుకున్నట్టు చూపించకూడదు. పైగా ఎవరిదో ఫొటో ఇంకెవరో తనదని ఎక్కిస్తే సైట్ వాళ్లు పూచీ పడరు. డౌన్‌లోడ్ చేసిన రోజే ఆ పేజీని తేదీ కనిపించేలా దాచుకోండి.

ఫొటోలో మనిషి ఉంటే ఇంకో చిక్కు. ఫొటోగ్రాఫర్ తన హక్కు ఇచ్చాడు సరే, ఆ మనిషి ఒప్పుకున్నాడా? 2007లో వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా వాళ్లు ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైట్‌లో సీసీ లైసెన్సుతో ఉన్న ఒక అమ్మాయి ఫొటోని బస్టాపు ప్రకటనల్లో వేస్తే, ఆ అమ్మాయివైపు వాళ్లు కోర్టుకెక్కారు. చివరికి ఇది తమ పరిధిలోకి రాదని కోర్టు అనడంతో కేసు ఆగిపోయింది గానీ, ఆ పిల్ల అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అప్పుల గురించో జబ్బుల గురించో వ్యాసం వేసి పక్కన ముక్కూమొహం తెలియని మనిషి ఫొటో పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.

మన ఊళ్ల ఫొటోలకి నేనైతే ముందు వికీపీడియా వాళ్ల ఉచిత ఫొటోల భండారం వికీమీడియా కామన్స్ చూస్తాను. గూగుల్ ఇమేజెస్‌లోనే వెతకాలంటే టూల్స్‌లో యూసేజ్ రైట్స్ నొక్కి క్రియేటివ్ కామన్స్ ఎంచుకోండి. అదీ దారి చూపించడానికే, అసలు పేజీకి వెళ్లి లైసెన్సు చూడాల్సిందే. కింద ఇలా వెయ్యాలి: “కొండపల్లి బొమ్మలు. ఫొటో: తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0”. బై అంటే తీసినవారి పేరు వెయ్యాలి, ఎస్ఏ అంటే మార్చి చేసినదాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి, 4.0 అంటే లైసెన్సు వెర్షన్. పేరుకి ఫొటో పేజీ లింకు, లైసెన్సుకి లైసెన్సు లింకు. కత్తిరిస్తే “కత్తిరించాం” అని కూడా.

అచ్చుతప్పు:
ఎస్ఏ ఫొటో వేస్తే మా వ్యాసం కూడా అదే లైసెన్సు కిందికి పోతుందని మావాళ్ల భయం.

వికీ_కూలీ:
పోదు. ఫొటో పక్కన వ్యాసం ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఫొటోనే మార్చి కొత్త బొమ్మ చేస్తే, ఆ బొమ్మకి మాత్రం అదే లైసెన్సు ఇవ్వాలి. ఎన్‌డీ (మార్పులు వద్దు) అని ఉంటే మార్చిన బొమ్మని బయట పెట్టకూడదు.

డిజైన్_దుకాణం:
ఏఐ బొమ్మలు?

ఫ్లాష్_వద్దు:
కొండపల్లి ఏనుగు అంబారీ చెయ్యమని అడిగి చూడండి. వచ్చింది కొండపల్లి అయితే అప్పుడు మాట్లాడుకుందాం.

అచ్చుతప్పు:
ఇప్పుడే ఆ కొండపల్లి ఫొటోనే పెట్టి, అది నెట్‌లో ఇంకెక్కడుందో వెతికాను. ఆయన ఫ్లికర్ పేజీలో ఉంది, సీసీ బై 2.0. అంటే పేరు వేసి ఉంటే ఉచితమే!

రచ్చబండ_రాజు:
చూశారా! ఉచితం అని బోర్డు పెట్టి, పేరు మరిచినవాడి దగ్గర వసూళ్లు. ఇది వల కాక ఏమిటి?

వికీ_కూలీ:
అలా వల వేసేవాళ్లూ ఉన్నారు, కాదనను. 2.0లో షరతు తప్పిన క్షణమే లైసెన్సు రద్దవుతుంది. 2013లో వచ్చిన 4.0లో, తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కు తిరిగి వస్తుంది. అప్పుడు కూడా అంతకుముందు వాడినదానికి అడిగే వీలు ఆయనకి ఉంటుంది. అందుకే పాత వెర్షన్ అయితే నేను రెండుసార్లు చూసుకుంటాను.

ఫ్లాష్_వద్దు:
ఒకే ఫొటోతో ఎంతమందికి మెయిళ్లు పెట్టాడో తెలియకుండా వల అనడం అన్యాయం. ఎంత అడిగాడు? నెట్‌లో ఒక ఫొటోకి ఒక చిన్న పత్రిక మామూలుగా ఇచ్చేంత అయితే ఇచ్చెయ్యండి. దానికి పదింతలయితే బేరమాడండి.

పాత_ప్లీడరు:
ఏదయినా మెయిల్‌లోనే మాట్లాడండి, ఫోన్లో వద్దు. ఫొటో ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీశారు, పత్రికకి ఆదాయం లేదన్న సంగతి రాయండి. ఆయన పేరు, లైసెన్సు లింకు వేసి మళ్లీ పెట్టుకోవడానికి అనుమతి అడగండి. ఒప్పుకుంటే ఆ మెయిల్ జాగ్రత్త చెయ్యండి. “ఒప్పుకున్నాం, కట్టేస్తాం” అని మాత్రం తొందరపడి రాయకండి.

అచ్చుతప్పు:
రాస్తున్నాను. పాత సంచికల్లో “కర్టెసీ: గూగుల్” ఇంకా చాలాచోట్ల ఉంది. ఎవరికైనా తీరిక ఉంటే ఒక్కో ఫొటో అసలు పేజీ వెతకడానికి చెయ్యి వెయ్యండి.

రచ్చబండ_రాజు:
నా వ్యాసాలవి నాకు పంపండి. ఒప్పుకున్నానని కాదు.