షార్ట్స్ వ్యూస్ వస్తున్నా వాచ్ అవర్స్ పెరగట్లేదు, ఎందుకు?

ప్రశ్న: వంటల ఛానెల్, 1,000 సబ్‌స్క్రైబర్లు దాటారు. యూట్యూబ్ స్టూడియోలో మానిటైజేషన్‌కి (యాడ్స్ ఆదాయానికి) కావాల్సిన 4,000 గంటల వాచ్ టైమ్ లెక్క మాత్రం కదలట్లేదండీ. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు 1: షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైమ్ ఆ గంటల్లో కలవదండీ. షార్ట్స్‌తో మానిటైజేషన్ రావాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. వంటలకు పెద్ద వీడియోలే మేలు. 8 నిమిషాలుంటే తర్వాత మధ్యలోనూ యాడ్స్ పెట్టుకోవచ్చు. "హలో ఫ్రెండ్స్" అంటూ సాగదీయకుండా తాలింపు చిటపటలతోనే మొదలుపెట్టండి. జనం జారిపోయేది మొదటి అరనిమిషంలోనే.

జవాబు 2: అడ్డంగా 16:9లో తీయండి బ్రో. 2024 అక్టోబర్ 15 నుంచి 3 నిమిషాల్లోపు నిలువు వీడియో కూడా షార్టే. నిమిషం దాటిన షార్ట్‌కి సినిమా పాట వల్ల కంటెంట్ ఐడీ క్లెయిమ్ (యూట్యూబ్ ఆటోమేటిక్‌గా పట్టే కాపీరైట్ క్లెయిమ్) పడితే బ్లాక్ అవుతుంది, జాగ్రత్త.

జవాబు 3: నచ్చలేదని పాత వీడియోలు డిలీట్ చేయకండి, ప్రైవేట్‌లో పెట్టకండి. వాటి గంటలూ లెక్కలోంచి పోతాయి.