బాక్సర్ల ర్యాంకింగ్: రికార్డు చూడాలా, ఎవర్ని కొట్టాడో చూడాలా?

కార్నర్‌స్టూల్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. మా గ్రూపులో ఆల్ టైమ్ టాప్ టెన్ బాక్సర్ల లిస్టు రాద్దామని కూర్చున్నాం, మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది. ఒకళ్ళేమో మేవెదర్ 50-0, ఒక్కసారి కూడా ఓడనోడిని పైన పెట్టకపోతే ఇంకెవర్ని పెడతాం అంటారు. ఇంకొకళ్ళు షుగర్ రే రాబిన్సన్ అంటారు, ఆయనకేమో 19 ఓటములున్నాయి. 19 సార్లు ఓడినాయన ఒక్కసారీ ఓడనాయన కంటే పైన ఎలా ఉంటాడన్నది నాకు మింగుడుపడట్లేదు. సరే రికార్డే లెక్క అనుకుంటే మార్సియానో 49-0, అలీ 56-5, అప్పుడు మార్సియానో పైకి రావాలి, కానీ అలా పెట్టేవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు.

అభిమానం పక్కనపెట్టి ఒక పద్ధతంటూ ఉందా అని నా ప్రశ్న. ఓటమికి ఎంత తీసెయ్యాలి, ఎదుటివాడి స్థాయికి ఎంత కలపాలి, వయసైపోయాక ఓడినవి లెక్కలోకి వస్తాయా రావా? పాతకాలం వాళ్ళు 150, 200 ఫైట్లు చేసేవాళ్ళు, ఇప్పటోళ్ళు చాలామంది 30, 40కే ఆపేస్తున్నారు, వీళ్ళని పక్కపక్కన పెట్టి ఎలా చూడాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాత_రింగు:

మంచి ప్రశ్న అండి. ముందు ఆ 19 ఓటముల సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ అంకె ఒక్కటే చూస్తే రాబిన్సన్‌కి చాలా అన్యాయం జరుగుతుంది.

ఆయన మొదటి 40 ఫైట్లలో ఓటమే లేదు. 1943 ఫిబ్రవరిలో జేక్ లమోటా చేతిలో ఓడాడు, ఆ రోజు లమోటా బరువు ఈయన కంటే 15 పౌండ్లకి పైనే ఎక్కువ, అంటే ఇప్పటి లెక్కలో రెండు వెయిట్ క్లాసుల తేడా. ఓడాక ఏం చేశాడు? మూడు వారాలకే అదే లమోటాతో మళ్ళీ దిగి గెలిచాడు, ఆ మధ్యలో ఇంకో ఫైట్ కూడా చేశాడు!! ఇప్పుడు ఒక పెద్ద బాక్సర్ ఓడిపోతే మళ్ళీ రింగులో కనపడటానికి ఏడాది పడుతోంది. మొత్తం లమోటాతో ఆరుసార్లు తలపడి అయిదు గెలిచాడు. ఆ తర్వాత ఓటమి మళ్ళీ 1951లో, రాండీ టర్పిన్ చేతిలో. టర్పిన్‌ని కూడా రెండు నెలల్లో నాకౌట్ చేసి టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు.

మూడో ఓటమి 1952లో జోయీ మాక్సిమ్‌తో, లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం, యాంకీ స్టేడియంలో. ఆ రాత్రి ఎండదెబ్బలాంటి వేడి, రిఫరీయే తట్టుకోలేక పదో రౌండ్ తర్వాత వెళ్ళిపోతే ఇంకో రిఫరీని తెచ్చారు. రాబిన్సన్ పాయింట్లలో ముందున్నాడు, కానీ 14వ రౌండ్‌కి స్టూల్ మీంచి లేవలేకపోయాడు. ఆ ఏడాదే రిటైర్ అయ్యాడు. అప్పటికి ఓటములు మూడే! మిగతా పదహారూ 1955లో తిరిగొచ్చి 44 ఏళ్ళ వయసు దాకా లాగినప్పటివి. ఆ తిరిగొచ్చిన కాలంలోనే మళ్ళీ మిడిల్‌వెయిట్ చాంపియన్ కూడా అయ్యాడనుకోండి.

అందుకే ఓటములు ఎన్ని అని కాదు, ఏ వయసులో, ఏ బరువులో, ఎవరి చేతిలో, తర్వాత ఏం చేశాడు అని అడగాలి. ఈ నాలుగూ అడక్కుండా రాసిన లిస్టులు కాకి లెక్కలే నా దృష్టిలో.

సున్నా_విలువ:

అన్నా ఒక్క మాట. రాబిన్సన్ గొప్పోడే, కాదనట్లేదు. కానీ ఈ మధ్య ప్రతిచోటా "సున్నాకి (అంటే ఒక్క ఓటమీ లేని రికార్డుకి) విలువలేదు" అనేది ఫ్యాషన్ అయిపోయింది, అది నేను ఒప్పుకోను.

మేవెదర్ 1998లో హెర్నాండెజ్‌ని కొట్టి మొదటి టైటిల్ తీసుకున్నాడు, 2015లో పకియావోని కొట్టాడు, మధ్యలో కొరాలెస్, డెలా హోయా, హాటన్, మార్కెజ్, మోస్లీ, కాటో, కానెలో. పదిహేడేళ్ళు టాప్‌లో ఉండి, అయిదు వెయిట్ క్లాసులు మారి, ఒక్క రాత్రి కూడా ఒళ్ళు బాగోలేకనో, కట్ అయ్యో, జడ్జిలు దయతలచకో ఓడిపోకుండా ఉండటం మామూలు విషయమా? కొరాలెస్ అప్పటికి అజేయుడు, అంత పొడుగు మనిషిని అయిదుసార్లు కింద పడేశాడు. ఎవర్ని కొట్టాడు అని అడుగుతున్నారు కదా, ఇదిగో ఇంతమందిని. ఓడకపోవడం కూడా ఒక విద్యే, దానికి మార్కులు ఇవ్వాల్సిందే.

పాత_రింగు:

మార్కులు ఇవ్వొద్దని నేననలేదు తమ్ముడూ. ఆ పేర్లన్నీ గట్టి పేర్లే. కానీ ప్రతి పేరు పక్కన తేదీ, బరువు రాసుకో. కానెలోకి అప్పుడు 23 ఏళ్ళు, ఫైట్ 152 పౌండ్ల క్యాచ్‌వెయిట్‌లో, అంటే మామూలు క్లాసు కాకుండా ఇద్దరూ ఒప్పుకున్న బరువులో జరిగింది. పకియావోతో ఫైట్ 2009, 2010 ప్రాంతంలో జరగాల్సింది 2015కి జరిగింది, మధ్యలో 2012లో మార్కెజ్ పకియావోని ఒక్క దెబ్బతో నాకౌట్ చేసేశాడు కూడా. మార్కెజ్‌ని మేవెదర్ కొట్టింది 2009లో, అది మార్కెజ్ రెండు క్లాసులు పైకొచ్చి చేసిన ఫైట్. 2002లో కాస్టిల్లోతో మొదటి ఫైట్ అయితే కాస్టిల్లోనే గెలిచాడనేవాళ్ళు ఇప్పటికీ బోలెడుమంది, ఆ రాత్రి జడ్జిలు ఇంకోలా ఇచ్చుంటే ఈ సున్నా ఉండేదే కాదు. అలాగని మేవెదర్ బాక్సింగ్‌లో ఏమైనా తగ్గేదా? తగ్గదు, ఆయన డిఫెన్స్ అదే, భుజం తిప్పి చేతిని జారవిడిచే తీరు అదే. బాక్సర్ మారకుండా అంకె మారిపోతుందంటే ఆ అంకె మీద అంత బరువు పెట్టకూడదనేదే నా బాధ.

ఇంకోటి, 50-0 అంటే అదే అన్నిటికన్నా పెద్ద అంకె అనుకుంటారు. థాయ్‌లాండ్‌లో వాన్హెంగ్ మెనయోతిన్ అని మినిమమ్‌వెయిట్ (అన్నిటికన్నా తక్కువ బరువు క్లాసు) చాంపియన్ 54-0 దాకా వెళ్ళాడు, 2020లో ఓడాడు. ఆయన్ని మేవెదర్ పైన పెడతావా? పెట్టవు. ఎందుకు పెట్టవో ఆలోచిస్తే నువ్వు కూడా ఎదుటివాళ్ళనే చూస్తున్నావని నీకే తెలుస్తుంది.

అంకెల_పిచ్చి:

నేను స్టాటిస్టిక్స్ చదువుకున్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. చదరంగంలో వాడే ఎలో పద్ధతి బాక్సింగ్‌కి పెడదామని చాలామంది ప్రయత్నిస్తారు. లెక్క సింపుల్, బలమైనోడిని కొడితే ఎక్కువ పాయింట్లు, బలహీనుడిని కొడితే దాదాపు ఏమీ రావు, బలహీనుడి చేతిలో ఓడితే బాగా పోతాయి. వినడానికి మనం అడిగేది ఇదే కదా అనిపిస్తుంది.

కానీ చదరంగంలో ఆటగాడు ఏడాదికి డజన్లకొద్దీ గేములు ఆడతాడు, టోర్నమెంట్‌లో ఎదుట ఎవరొస్తే వాళ్ళతో ఆడాలి. బాక్సింగ్‌లో టాప్ వాళ్ళు ఏడాదికి రెండు ఫైట్లు చేస్తే గొప్ప, పైగా ఎదుటివాణ్ణి ప్రమోటర్ ఏరి తెస్తాడు. ఒకే ప్రమోటర్ దగ్గర ఉన్నవాళ్ళు, ఒకే దేశంలో ఉన్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటుంటే పాయింట్లు ఆ గుంపులోనే తిరుగుతుంటాయి, బయట గుంపుతో పోల్చడానికి మధ్యలో వంతెన లాంటి ఫైట్ ఒకటో రెండో ఉంటుంది, ఆ ఒక్క ఫైట్ ఫలితం మీద మొత్తం లెక్క ఊగుతుంది. ఫార్ములా తప్పు కాదు, దానికి పెట్టడానికి సరిపడా ఫైట్లు లేవు.

అందుకే నేను చేసేది ఏంటంటే బాక్సర్ల రికార్డులుండే బాక్స్‌రెక్ వెబ్‌సైట్‌లో బాక్సర్ పేజీ తెరిచి ఆయన రికార్డు చదవను, ప్రతి ఫైట్ పక్కన ఎదుటివాడి అప్పటి రికార్డు, వాడి చివరి ఆరు ఫైట్ల ఫలితాలు చూపించే గడులు ఉంటాయి, అవి చదువుతా. 25-0 అని ఉన్న కుర్రాడి పేజీలో ఆ గడులన్నీ ఎర్రగా, అంటే ఓటములతో నిండి ఉంటే వాడింకా పరీక్షే రాయలేదని అర్థం. అయితే దీనికీ గుడ్డిగా పోకూడదు. 2014లో లోమచెంకో రెండో ప్రొఫెషనల్ ఫైట్‌లోనే సాలిడోతో దిగాడు. అమెచ్యూర్‌లో 396 గెలిచి ఒక్కటే ఓడిన లోమచెంకో, అప్పటికి 12 ఓటములున్న సాలిడో. కాగితం మీద చూస్తే పోటీయే కాదు, కానీ సాలిడో బరువు దిగకుండా వచ్చి, ఒంటి మీద పడి, నడుం కింద గుద్దుతూ 12 రౌండ్లూ లాగి గెలిచాడు. 12 ఓటములున్న మనిషి అంటే 12 సార్లు పాఠం నేర్చుకున్న మనిషి కూడా.

అసలు రికార్డులే అబద్ధం చెప్పిన సందర్భాలున్నాయండి. 1977లో ప్రమోటర్ డాన్ కింగ్ నడిపిన టీవీ టోర్నమెంట్‌ని ఏబీసీ చానెల్ మధ్యలో ఆపేసింది, కొందరికి జరగని ఫైట్లు గెలిచినట్టు రాసి రికార్డులు పెంచారని బయటపడింది కాబట్టి. ఇంకా వెనక్కి, 1920ల నాటి హ్యారీ గ్రెబ్ రోజులకి వెళ్తే చాలాచోట్ల అధికారికంగా తీర్పే ఇచ్చేవాళ్ళు కాదు, మర్నాడు పేపర్లో విలేకరి ఎవరు గెలిచారని రాస్తే అదే. హెవీవెయిట్ చాంపియన్ జీన్ టన్నీని ఓడించిన ఒకే ఒక్కడు గ్రెబ్, ఆయన రికార్డు పేపర్ తీర్పులు కలిపితే ఒకలా, కలపకపోతే ఇంకోలా ఉంటుంది.

లెఫ్ట్‌జాబ్:

నాకు ఇంకో ఇబ్బంది ఉంది, వాణ్ణి వీడు కొట్టాడు వీణ్ణి వాడు కొట్టాడు అని గొలుసు కట్టడం. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అదే ఏడాది నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు, 1974లో ఫోర్‌మన్ ఆ నార్టన్‌ని కూడా రెండు రౌండ్లలో ముగించాడు. గొలుసు ప్రకారం ఫోర్‌మన్ ముందు అలీ నిలబడకూడదు కదా? అదే ఏడాది అక్టోబర్‌లో కిన్షాసాలో ఎనిమిదో రౌండ్‌లో అలీ ఆయన్ని నాకౌట్ చేశాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, ఇక్కడ ఆ తల తన్నినోడిని మళ్ళీ మొదటివాడే తన్నాడు. స్టైల్ అంటే అది. నార్టన్ జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) అలీకి ఎప్పుడూ అడ్డమే, మూడు ఫైట్లలోనూ ఇబ్బందిపడ్డాడు, ఫోర్‌మన్‌కి అదే నార్టన్ అసలు అడ్డమే కాదు.

అలీ ఆ అయిదు ఓటముల్లో చివరి రెండూ, హోమ్స్, బెర్బిక్, 1980, 81లో. అప్పటికి ఆయన నడక కూడా మారిపోయింది, ఆ ఫైట్లు అసలు జరగనివ్వకుండా ఉండాల్సింది, వాటిని ఆయన లెక్కలో రాయడానికి నాకు మనసొప్పదు. మార్సియానో 32 ఏళ్ళకే ఆపేశాడు, తెలివైన పని. కానీ ఆయన కొట్టిన జో లూయీకి అప్పుడు 37, వాల్కాట్‌కి 38. ఇద్దరి మధ్యా తేడా అక్కడుంది.

కార్నర్‌స్టూల్:

చాలా బాగా చెప్పారు అందరూ, థాంక్స్. మరి ఇప్పుడు ఆడుతున్నవాళ్ళ సంగతి? ఉక్రెయిన్ హెవీవెయిట్ ఉసిక్ ఫైట్లు తక్కువ కదా, అతన్ని పాతవాళ్ళ పక్కన పెట్టొచ్చా?

అంకెల_పిచ్చి:

ధైర్యంగా పెట్టండి. ఫైట్లు తక్కువే కానీ వృథా ఫైట్లు ఇంకా తక్కువ. క్రూయిజర్‌వెయిట్‌లో గ్లోవాకీని పోలండ్‌లో, హుక్‌ని జర్మనీలో, బ్రియెడిస్‌ని లాత్వియాలో, గాసియెవ్‌ని రష్యాలో కొట్టాడు, ప్రతిదీ ఎదుటివాడి ఇంట్లోనే. తర్వాత హెవీవెయిట్‌కి పైకొచ్చి జాషువాని లండన్‌లో కొట్టాడు. ప్రత్యర్థి గడ్డ మీద గెలుపుకి నేను విడిగా మార్కులు వేస్తా, అక్కడ జడ్జిల అనుమానం ఎప్పుడూ ఇంటివాడి వైపే పోతుంది కాబట్టి.

2024 మేలో ఫ్యూరీతో ఫైట్ స్కోర్‌కార్డులు ఒకసారి తీసి చూడండి. ఉసిక్‌కి 115-112, 114-113, ఫ్యూరీకి 114-113. తొమ్మిదో రౌండ్‌లో ఫ్యూరీ రోప్స్ మీద ఊగిసలాడుతుంటే రిఫరీ కౌంట్ వేశాడు, ఆ కౌంట్ వల్ల ఫ్యూరీకి ఒక పాయింట్ పోయింది. ఆ ఒక్క పాయింట్ మూడు కార్డుల్లోనూ వెనక్కిచ్చేస్తే ఒకటి ఉసిక్‌కి, ఒకటి ఫ్యూరీకి, ఒకటి సమానం, అంటే ఫైట్ డ్రా! డిసెంబర్‌లో రెండోసారి దిగి ముగ్గురు జడ్జిల దగ్గరా స్పష్టంగా గెలిచాడు కాబట్టి ఆ అనుమానం పోయింది. రీమ్యాచ్‌లో గెలవడం నా దగ్గర రెండు కొత్త పేర్లని కొట్టినంత.

సున్నా_విలువ:

చూశారా, మీరూ చివరికి సున్నా ఉన్నోడినే మెచ్చుకుంటున్నారు 🙂 క్రాఫర్డ్ కూడా అంతే, స్పెన్స్‌ని తొమ్మిది రౌండ్లలో ముగించాడు, 2025లో రెండు క్లాసులు పైకెళ్ళి కానెలోని కొట్టాడు.

పాత_రింగు:

వాళ్ళని మెచ్చుకునేది కొట్టినవాళ్ళని బట్టి. సున్నా దాని వెంట వచ్చింది.

కార్నర్‌స్టూల్ గారూ, మీ లిస్టుకి ఒక పేరు చెప్తా, దాన్ని పెట్టి చూస్తే మీ పద్ధతి నిలబడుతుందో లేదో తేలిపోతుంది. ఎజార్డ్ చార్ల్స్. రికార్డులో 25 ఓటములు, రికార్డు లెక్కన మీ టాప్ 50లోకి కూడా రాడు. కానీ ఆర్చీ మూర్‌ని మూడుసార్లు కొట్టాడు, మూడోది నాకౌట్. పెద్ద చాంపియన్లు దగ్గరికి రానివ్వని చార్లీ బర్లీని రెండుసార్లు కొట్టాడు. 1950లో జో లూయీని కొట్టాడు. లైట్ హెవీవెయిట్‌లో ఆ రోజుల్లో ఆయన్ని మించినోడు లేడు, అయినా ఆ క్లాసులో ఒక్క టైటిల్ ఫైట్ ఇవ్వలేదు, చివరికి తనకంటే పెద్దవాళ్ళ మధ్య హెవీవెయిట్‌లో చాంపియన్ అయ్యాడు. ఓటముల్లో ఎక్కువ భాగం ఆ టైటిల్ పోయాక వచ్చినవే, 1954లో రెండోసారి మార్సియానోతో దిగినప్పుడు కూడా మార్సియానో ముక్కు చీల్చేశాడు, డాక్టర్ ఆపేస్తాడేమో అన్నంతగా, అందుకే మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో తొందరపడి ముగించాల్సొచ్చింది.

మీరు తయారుచేసే పద్ధతి చార్ల్స్‌ని టాప్ 20లోకి తేలేకపోతే దాన్ని మళ్ళీ సరిచెయ్యండి. తెస్తే ఇక్కడ పెట్టండి, మిగతా పేర్ల మీద కూర్చుని మాట్లాడుకుందాం.