వారాంతాల్లో మాత్రమే ఉండే ఈసీఆర్ ఇల్లు: సంఘం చందా, ఉప్పుగాలి, సముద్రానికి వెళ్లే దారి

ప్రశ్న (అన్నానగర్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో చాలా కాలంగా స్థిరపడిన తెలుగు కుటుంబం. ఉద్యోగాలు, పిల్లల చదువులు అన్నీ అన్నానగర్‌లోనే. చెన్నై నుంచి దక్షిణంగా సముద్రం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ముట్టుకాడు దాటాక ఈసీఆర్‌కు తూర్పు వైపున ఉన్న ఒక లేఅవుట్‌లో మాకు చిన్న డాబా ఇల్లు ఉంది. వారాంతాలు, సంక్రాంతి, వేసవి సెలవులు తప్ప మిగతా రోజుల్లో దానికి తాళమే. మేము కొన్న రోజుల్లో చుట్టూ సరుగుడు తోటలు, అక్కడొకటి ఇక్కడొకటిగా ఇళ్లు ఉండేవి. ఇప్పుడు ఖాళీ ప్లాటు కనిపించడం లేదు, సగానికి పైగా ఇళ్లలో జనం ఏడాది పొడవునా ఉంటున్నారు.

చిక్కంతా ఈ మార్పుతోనే వచ్చింది. ఇంటి యజమానుల సంఘం నెల చందా పెంచి, ట్యాంకరు నీళ్ల ఖర్చును కూడా అందులో కలిపి, ఇల్లు తెరిచి ఉన్నా మూసి ఉన్నా అందరూ సమానంగా కట్టాలని తీర్మానించింది. అంతకంటే నన్ను ఇబ్బంది పెడుతున్నది ఇంకొక తీర్మానం: లేఅవుట్ చివర ఇసుకలోకి దిగే దారికి గేటు పెట్టి తాళం వేయాలని, ఒడ్డు వైపు ఫ్లడ్ లైట్లు బిగించాలని అంటున్నారు. పక్కనున్న కుప్పం (జాలరిపల్లె) లోని మత్స్యకారులు వలలు మోసుకుంటూ వెళ్లేది ఆ దారినే. నాకు సంతకం పెట్టాలని లేదు. కానీ కాదంటే, మేము లేనప్పుడు మా ఇంటి వైపు కన్నెత్తి చూసేవారు కూడా ఉండరేమోనన్న భయం ఉంది.

ఇక ఇంటి సంగతి. వానాకాలం తరువాత తలుపు తీస్తే మురుగు వాసన గుప్పుమంటోంది. కిటికీ బందులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, సన్‌షేడ్ కింద సిమెంటు పెచ్చులుగా ఊడుతోంది. పైన ప్లాస్టరింగ్ చేసి రంగు వేస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. ఇలాంటి ఇల్లు ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (కానత్తూరులో పూర్తికాలపు నివాసి)

నేను తాళం వేయని ఇంటి వైపు నుంచి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. వాచ్‌మన్ జీతం, వీధి దీపాలు, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోగా కాలువల పూడిక తీయించడం వంటి ఖర్చులు మీరు ఉన్నా లేకపోయినా ఒకటే. నిజానికి వాచ్‌మన్ అవసరం మా ఇంటికంటే మీ ఇంటికే ఎక్కువ. అందుచేత ఆ భాగాన్ని సమానంగా కట్టడంలో అన్యాయం లేదు. నీళ్ల సంగతి వేరు. మన తీరంలో బోర్లు ఎడాపెడా తోడేయడం వల్ల సముద్రపు నీరు భూగర్భంలోకి చొరబడి చాలాచోట్ల ఉప్పునీళ్లే వస్తున్నాయి, ట్యాంకరు లేనిదే గడవదు. నెమ్మేలిలో రోజుకు 10 కోట్ల లీటర్ల కేంద్రం 2013 నుంచీ, 15 కోట్ల లీటర్ల రెండో కేంద్రం 2024 నుంచీ సముద్రపు నీటిని శుద్ధి చేస్తున్నా, అది ప్రధానంగా నగరానికి వెళ్తుంది. కొన్న నీటిని కొలిచి పంచడమే సబబు కాబట్టి, ప్రతి ఇంటికీ మీటరు పెట్టించమని సమావేశంలో రాతపూర్వకంగా అడగండి. మా సంఘంలో మీటర్లు పెట్టాక నీళ్ల గొడవ ఆగిపోయింది.

గేటు విషయంలో మాత్రం మీరు గట్టిగా నిలబడాలి. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగిస్తారు. ముట్టుకాడు వైపు అంటే చెంగల్పట్టు జిల్లాలోని గ్రామ పంచాయతీకి. ఆ దారి లేఅవుట్ ప్లానులో రోడ్డుగా ఉంటే దానికి తాళం వేసే హక్కు సంఘానికి ఉండదు. 1975 నాటి తమిళనాడు సంఘాల నమోదు చట్టం కింద నమోదైన సంఘమైనా సరే, దాని నియమావళి సభ్యులకే వర్తిస్తుంది గాని పంచాయతీ రోడ్డుకు కాదు. మీ దస్తావేజుతో పాటు వచ్చిన ప్లాను నకలు తీసి చూడండి, పంచాయతీ కార్యాలయంలో కూడా అడగండి. ఒడ్డు ఎటూ ఎవరి సొంతమూ కాదు. రెండు బీచ్ రిసార్టుల మధ్య జనం ఒడ్డుకు వెళ్లడానికి కనీసం 20 మీటర్ల ఖాళీ వదలాలని 2011 నాటి తీర నియంత్రణ ప్రకటనలోనే ఉంది.

ఇంకొక మాట. 2022 డిసెంబరు 9 రాత్రి మాండూస్ తుపాను మామల్లపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో చెట్లు అడ్డంగా పడ్డాయి. తెల్లవారేసరికి వాటిని నరికి దారి చేసింది కుప్పం కుర్రాళ్లే. సంఘం సభ్యుల్లో సగం మంది ఆ రాత్రి నగరంలో ఉన్నారు. మీరు లేనప్పుడు మీ ఇంటి వైపు చూసేది ఎవరని అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఫ్లడ్ లైట్లు కూడా వద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ మన ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకు బయటికి వచ్చే పిల్లలు వెలుతురు ఎటు ఉంటే అటు పాకుతాయి. ఒడ్డున లైటు వెలుగుతుంటే అవి సముద్రానికి బదులు రోడ్డెక్కుతాయి. భద్రత కోసమే అయితే, వెలుతురు వీధి మీద మాత్రమే పడేటట్టు పైన కప్పు ఉన్న దీపాలు చాలు.

జవాబు 2 (పదవీ విరమణ చేసిన సివిల్ ఇంజినీరు, పాలవాక్కం)

మేస్త్రీ మాట వినకండి. సన్‌షేడ్ కింద ఊడుతున్నది ప్లాస్టరు కాదు, లోపల ఉన్న ఇనుము దాన్ని బయటికి నెడుతోంది. మామూలుగా కాంక్రీటులోని క్షారగుణం ఇనుముకు రక్షణ కల్పిస్తుంది. గాలిలోని ఉప్పు మెల్లగా లోపలికి దిగి ఆ రక్షణను తీసేస్తే చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పగులుతుంది. దాని మీద కొత్త ప్లాస్టరు వేస్తే రెండు మూడు వానాకాలాలు దాటకుండా అది కూడా ఊడుతుంది. వదులైన కాంక్రీటును చువ్వ వెనక వరకు కొట్టేసి, చువ్వను మెరిసేదాకా శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి. చువ్వ మరీ సన్నబడి ఉంటే పక్కన కొత్తది కట్టాలి. సముద్రపు గాలికి గురయ్యే కట్టడాలకు కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) అడుగుతుంది. చిన్న ఇళ్ల సన్‌షేడ్‌లలో అందులో సగం కవరు కూడా నేను అరుదుగా చూశాను.

కిటికీలకు బందులు మార్చేటప్పుడు 316 రకం స్టీలు అడిగి తీసుకోండి. అంగడిలో సాధారణంగా ఇచ్చే 304 రకం మీద సముద్రం పక్కన గోధుమ రంగు మరకలు త్వరగా వస్తాయి.

మురుగు వాసనకు కారణం చాలా చిన్నది. స్నానాలగదిలో నేల జాలీ కింద ఉండే వంపులో నిలిచిన నీరే మురుగు గాలిని ఆపుతుంది. ఇల్లు వారాల తరబడి మూసి ఉంటే ఆ నీరు ఆవిరైపోతుంది, వాసనతో పాటు బొద్దింకలు కూడా పైకి వస్తాయి. తాళం వేసే ముందు ప్రతి జాలీలో ఒక చెంబెడు నీళ్లు, పైన ఒక చెంచా వంటనూనె పోయండి. నూనె పొర వల్ల నీరు తొందరగా ఆవిరి కాదు. ఫ్రిజ్ ఆపేసి, తలుపు కొద్దిగా తెరిచి వదలండి. అక్టోబరుకు ముందు డాబా మీద నీళ్లు దిగే గొట్టాల మూతులు తప్పకుండా చూడండి. సరుగుడు ఆకులు సూదుల్లా పేరుకుని వాటిని మూసేస్తాయి, ఒక్క రాత్రి వానకే డాబా చెరువైపోతుంది.

జవాబు 3 (ఆడిటరు, టీ.నగర్)

ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. ఇల్లు వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ నిలిచిపోతుందనే షరతు చాలా బీమా పాలసీల్లో ఉంటుంది. మీ పాలసీ చదివి, అలాంటి షరతు ఉంటే కంపెనీకి ముందే రాసి, సమ్మతి తీసుకోండి. ఆదాయపు పన్నులో 2019-20 ఆర్థిక సంవత్సరం నుంచి రెండు ఇళ్లను సొంత నివాసంగా చూపుకోవచ్చు కాబట్టి, ఈ ఇంటికి ఊహాత్మక అద్దె (రాని అద్దెను వచ్చినట్టు లెక్కించేది) మీద పన్ను పడదు. అయితే చందా ఖర్చు రాబట్టుకోవడానికి వారాంతపు అతిథులకు అద్దెకు ఇస్తే, ఏడాదిలో కొద్ది రోజులే అయినా ఆ వెసులుబాటు పోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ప్లాను నకలు తీశాను, ఆ దారి అందులో 23 అడుగుల రోడ్డుగానే ఉంది. నీటి మీటర్ల ప్రతిపాదన, గేటుకు అభ్యంతరం రెండూ ఒకే ఉత్తరంలో రాసి కార్యదర్శిగారికి ఇస్తాను. ఒక్క సందేహం మిగిలింది: ఇంటి తాళంచెవి వాచ్‌మన్‌కు ఇవ్వాలా, పొరుగువారికా?

జవాబు 1 రాసినవారు

వాచ్‌మన్‌లు మారుతుంటారు, పొరుగువారికే ఇవ్వండి. నెలకు రెండుసార్లయినా కిటికీలు తెరిచి, మోటారు కాసేపు నడిపి, జాలీల్లో నీళ్లు పోసే పనికి కుప్పంలో తెలిసినవాళ్ల ఇంటి నుంచి ఒకరిని నెల జీతానికి కుదుర్చుకుంటే మంచిది. ఆ రోజు తాళంచెవి పొరుగింట్లో తీసుకుని, పని అయ్యాక అక్కడే అప్పగిస్తారు. ఉత్తరం ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద కార్యదర్శి సంతకం, తేదీ తీసుకోవడం మాత్రం మరవకండి.