‘బిగి’ వేరు, ‘బిగుతు’ వేరు: స్వెట్టర్ అల్లిక మాటల మీద చర్చ

హనుమకొండ నుంచి, చర్చ మొదలుపెడుతూ:

మా అక్క కూతురు వాళ్ల నాన్నకు స్వెట్టర్ అల్లుతోంది. మొదటిది కదా, సాదా రకం ఎంచుకోమంటే వినలేదు. ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న అరాన్ దీవుల పేరుతో చెలామణి అయ్యే రకం పట్టుకుంది. ఛాతీ నిండా జడలు, జడల మధ్య వజ్రపు గళ్లు. చేతులు బాగానే ఆడుతున్నాయి. చిక్కంతా మాటల దగ్గర వచ్చింది. “గేజ్ అంటే తెలుగులో ఏమనాలి చిన్నమ్మా? ఈజ్ అంటే?” అని అడుగుతోంది. సీదా, ఉల్టా, వరస, ఊలు ఉండ, నడుం పట్టీ, చంక, మెడ... వీటన్నిటికీ నోటికి వచ్చే మాటలున్నాయి. ఈ రెండింటికే లేవు.

అల్లనివారి కోసం ముందు విషయం చెబుతాను. 10 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు పడుతున్నాయి, అంతే ఎత్తులో ఎన్ని వరసలు పడుతున్నాయి అన్న లెక్కే గేజ్. అదే ఊలు, అదే సూది ఇద్దరికి ఇస్తే ఇద్దరికీ ఒకే లెక్క రాదు. ఒకరు దారాన్ని వేలికి చుట్టి లాగి పట్టుకుంటారు, ఇంకొకరు జారనిస్తారు. అల్లిక నమూనా పుస్తకంలో 22 కుట్లు అని ఉంది, మన చేతికి 20 వచ్చాయి అనుకోండి. రెండే కదా అని ఊరుకుంటే, 100 సెంటీమీటర్ల ఛాతీ కోసం వేసిన 220 కుట్లు 110 సెంటీమీటర్లకు పరుచుకుంటాయి. బావ పక్కన ఇంకొకరు దూరవచ్చు.

దీనికి నేను ‘బిగి’ అంటున్నాను. ‘బిగుతు’ అనవద్దని కూడా అంటున్నాను. బిగి అల్లికది, బిగుతు ఒంటిది. చొక్కా బిగుతుగా ఉందంటే అది వేసుకున్నవాడి ఇబ్బంది. బిగి అలా కాదు, ఎవరూ వేసుకోకపోయినా, బట్ట మడత పెట్టి బీరువాలో ఉన్నా ఉంటుంది. ఈ రెండూ కలగాపులగమైతే నష్టం భాషకు మాత్రమే కాదు, స్వెట్టర్‌కు కూడా. బిగుతుగా వస్తోందని కొందరు లావు సూది తీసుకుంటారు. అక్కడ పెంచాల్సింది కుట్ల సంఖ్య. సూది మారిస్తే ఛాతీ సరిపోతుంది గానీ బట్ట జల్లెడవుతుంది, జడలు పొంగకుండా చప్పబడిపోతాయి. ఒంటి సంగతి కుట్లతో తేల్చుకోవాలి, బట్ట సంగతి సూదితో.

ఈజ్ అంటే ఒంటి కొలతకు మించి బట్టలో ఉంచే ఖాళీ. దానికి మాత్రం మీరే మాట చెప్పాలి.

కొత్తవాడ నుంచి:

అమ్మా, మీ మాట నచ్చింది. అయితే మొదట్లోనే ఒక పేచీ తీర్చుకోవాలి. స్వెట్టర్ ‘నేయడం’ అని రాసేవాళ్లు కనిపిస్తున్నారు. మాది జంపఖానాలు నేసే ఇల్లు. నేత అంటే పడుగు ఉండాలి, పేక ఉండాలి. పడుగును ముందే మగ్గానికి బిగిస్తాము, పేక దానికి అడ్డంగా నడుస్తుంది. బిగిని పట్టి ఉంచేది మగ్గం. పడుగు సడలిందంటే కంటికి తెలిసిపోతుంది, మళ్లీ బిగిస్తాము. మీ స్వెట్టర్‌కు పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం తనలో తానే దూరుకుంటూ పోతుంది. పట్టి ఉంచే కర్ర లేదు, అంతా వేళ్ల మీదే. కాబట్టి అది అల్లికే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని ‘అల్లారు’ అని ఎవరైనా అంటే మా వాడలో నవ్వుతారు. స్వెట్టర్‌ను ‘నేశారు’ అన్నా నవ్వాల్సిందే.

కరీంనగర్ నుంచి:

పెద్దవారు చెప్పిన తేడా నిజమే. భాష మాత్రం ఆ గీత మీదే నడవలేదు. సాలె అంటే నేతగాడు. పురుగుకు సాలెపురుగు అని పేరు పెట్టాము, దాని పనికి వచ్చేసరికి ‘గూడు నేసింది’ అనము, ‘గూడు అల్లింది’ అంటాము. పేరు పెట్టేటప్పుడు నేత గుర్తొచ్చింది, పని చూసేటప్పుడు అల్లిక కనిపించింది. కాకతీయుల మోటుపల్లి సీమ బట్టల గురించి రాసిన మార్కోపోలో కూడా వాటి సన్నదనాన్ని సాలెగూడుతోనే పోల్చాడు. అవేమో నేసిన బట్టలు!

‘బిగి’ మీకు ఎక్కడ దొరికిందో పోల్చుకున్నాను. “అల్లసాని వాని అల్లిక జిగిబిగి” అని పెద్దన కవిత్వం గురించి చాటువు ఉంది కదా. అల్లిక అన్న చోటే బిగి కూడా ఉంది చూడండి. పద్యంలో బిగి అంటే ఒక మాట పీకితే పాదం కుంటుపడాలి. చెప్పినవారు సూదులు పట్టినవారిలాగే చెప్పారు.

ఒక అనుమానం మాత్రం ఉంది. మాట్లాడేటప్పుడు ‘బిగి’ అని విడిగా ఎవరంటున్నారు? పంటి బిగువున ఓర్చుకున్నాడు అంటాము, నరాల బిగువు అంటాము. జనం నోట్లో నలిగిన ‘బిగువు’ ఉండగా పద్యంలోంచి మాట దించుకోవడం ఎందుకు?

హనుమకొండ నుంచి:

సార్, బిగువులో కొంత రోషం ఉంది. “ఎందుకంత బిగువు?” అంటే మనిషిని దెప్పినట్టు. పైగా బిగువు అనగానే గట్టిగా ఉండటమే గొప్ప అన్న భావం వస్తుంది. గేజ్‌లో గొప్పా తక్కువా లేదు, అదొక లెక్క. వదులు చేతివారికీ ఒక బిగి ఉంటుంది. “నీ బిగి ఎంత?” అని అడిగితే “22” అని జవాబు రావాలి. “నీ బిగువు ఎంత?” అని అడిగితే తగాదా వస్తుంది.

మీరు ‘జిగి’ని, అంటే నిగారింపును కూడా తెచ్చారు కాబట్టి దానికీ పని చెబుతాను. అల్లడం అయ్యాక స్వెట్టర్‌ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెలి పెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, కొలతల ప్రకారం పరిచి ఆరబెడతాము. ఎగుడుదిగుడు కుట్లు అప్పుడే సర్దుకుంటాయి, దారం విచ్చుకుంటుంది. బిగి చేతిది, జిగి నీళ్లది. ఇది గొర్రె ఉన్నికి వర్తించే మాట. యాక్రిలిక్ అనే కృత్రిమ దారం నీళ్ల మాట అంతగా వినదు. బజారులో ‘ఊలు’ అని ఉండలు కట్టి అమ్మేదాంట్లో చాలావరకు యాక్రిలిక్కే. అందుకే నా లెక్కలో గొంగడిది ఉన్ని, దుకాణానిది ఊలు. రెండు మాటలూ వేర్వేరుగా ఉండటం మన అదృష్టం.

గేజ్ చూసుకోవడానికి అల్లే చిన్న ముక్కకు ‘మచ్చుతునక’ కంటే మంచి మాట లేదు. వ్యాసాల్లో అరిగిపోయిన ఆ మాటను అసలు పనికి పెట్టుకుందాం. 15 సెంటీమీటర్ల చదరం అల్లి, తడిపి, ఆరాక మధ్యలో కొలవాలి. అంచు కుట్లు అబద్ధం చెబుతాయి. జడల స్వెట్టర్‌కు సాదా మచ్చు ఒక్కటీ చాలదు. జడ వేసేటప్పుడు కొన్ని కుట్లను పక్కనున్న కుట్ల మీదుగా దాటిస్తాము, ఆ దాటిన చోటల్లా బట్ట లోపలికి లాక్కుంటుంది. 20 సాదా కుట్లు పరుచుకున్నంత వెడల్పు 20 జడ కుట్లు పరుచుకోవు. జడకు వేరే మచ్చు అల్లాల్సిందే.

జగిత్యాల నుంచి:

అక్కా, నేను టైలర్‌ని. మీరు వెతుకుతున్న మాట మేము రోజూ వాడుతున్నాము. లూజు. ఛాతీ ఇంత, లూజు ఇంత అని పుస్తకంలో రాసుకుంటాము. తెలుగే కావాలంటే ‘వదులు’ అనుకోండి. కాకపోతే బిగిని బిగుతునూ విడదీసినట్టు వదులును విడదీయలేరు. అల్లిక వదులైనా, ఒంటికి వదులైనా మాట ఒక్కటే. మీ సిద్ధాంతానికి అక్కడ చిల్లు పడింది.

ఇంకో మాట. మీ బావగారి ఒంటి మీద టేపు పెట్టి కొలవడంతో ఆగవద్దు. ఆయన ఇష్టంగా వేసుకునే పాత స్వెట్టర్‌ను ఆదిగా తీసుకోండి. టేపు ఒళ్లు ఎంతో చెబుతుంది, ఆది ఒళ్లూ లూజూ కలిపి చెబుతుంది. ఎంత లూజు కావాలని అడిగితే ఎవరైనా “మీడియంగా” అంటారు. దాంతో ఏం కుట్టమంటారు!

హనుమకొండ నుంచి:

తమ్ముడూ, చిల్లు ఒప్పుకున్నాను. బిగి చెప్పేటప్పుడు వదులు అనకుండా కుట్ల సంఖ్యే చెప్పుకుంటే గొడవ ఉండదు. ‘వదులు’ మొత్తంగా ఒంటికి వదిలేద్దాం. ఆది మాట విని బావ పాత స్వెట్టర్ తెప్పించాము. ఒళ్లు 96, ఆది 104. అంటే ఆయన వదులు 8 సెంటీమీటర్లు. పుస్తకంలోని కొలతకు ఇంకో 4 కలపాల్సి వచ్చింది. ఆ నాలుగునూ జడల్లో కలపకూడదు, గళ్లూ జడలూ ఎదురెదురుగా కూర్చున్న పొందిక చెడుతుంది. పక్కల్లో, చంకల కింద ఉన్న సాదా పట్టీల్లో కుట్లు పెంచితే ఎవరికీ తెలియదు.

ఆదిలాబాద్ నుంచి:

మాటలు బాగున్నాయి గానీ, చలి మొదలైంది, నా సమస్య అంతకంటే తొందరది. మా తమ్ముడికి అల్లిన స్వెట్టర్ నడుం దగ్గర కురచగా ఉంది, చేతులేమో వేళ్ల మీదికి వస్తున్నాయి. మెడ పట్టీ జారినట్టు నిలబడకుండా ఉంది. మొత్తం విప్పాలా అక్కా?

హనుమకొండ నుంచి:

మొత్తం వద్దు చెల్లీ. ఏ దిక్కున అల్లారో ముందు చూసుకోండి. అల్లిక ముగించిన అంచు నుంచి సుళువుగా విడిపోతుంది. మొదలుపెట్టిన అంచు నుంచి లాగితే దారం రాదు, చిక్కు పడుతుంది. చేతులు చంక దగ్గర మొదలై మణికట్టు దగ్గర ముగిసి ఉంటే పని చిన్నది. పట్టీ విప్పి, కావలసినన్ని వరసలు విప్పి, పట్టీ మళ్లీ అల్లండి.

నడుం కురచకు కత్తెర పట్టాలి. భయపడకండి. పట్టీకి కాస్త పైన ఉన్న సాదా వరసలో ఒకే ఒక కుట్టు తెంపి, ఆ వరస దారాన్ని సూది మొనతో ఒక్కో కుట్టులోంచి లాగండి. బట్ట రెండు ముక్కలవుతుంది, పై ముక్క అంచున కుట్లన్నీ నోరు తెరుచుకుని ఉంటాయి. వాటిని సూది మీదికి ఎత్తుకుని కిందికి అల్లుకుంటూ పోవడమే. సాదా అల్లికలో అతుకు కనిపించదు. జడల మీద మాత్రం ఈ పని చేయకండి. దిక్కు మార్చి అల్లినప్పుడు కుట్లు అర కుట్టు పక్కకు జరుగుతాయి, జడ అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది.

విప్పిన ఊలు నూడుల్స్‌లా మెలికలు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే బిగి తప్పుతుంది. పొడవాటి వలయంలా, అంటే చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తడిపి ఆరేయండి.

కొత్తవాడ నుంచి:

చిలప మా నూలు మాట. అప్పుగా ఇచ్చామనుకోండి, వాడుకోండి. ఆ ‘కుట్టు’ మాత్రం నాకు మింగుడుపడటం లేదు. సూది బట్టను గుచ్చుకుని దూరని చోట కుట్టేమిటి? వల అల్లేవారు ‘కన్ను’ అంటారు. అది పెట్టండి.

హనుమకొండ నుంచి:

బాబాయ్, “ఛాతీకి 220 కళ్లు ఎత్తుకో” అంటే మా పిల్ల సూదులు పడేసి వెళ్లిపోతుంది. న్యాయం మీ వైపే ఉంది, వాడుక నా వైపు ఉంది. కుట్టునే ఉంచుతాను.

ఆదిలాబాద్ చెల్లికి మెడ సంగతి చెప్పడం మిగిలింది. పట్టీ ఒక్కటే విప్పి, అవే కుట్లతో ఇంకాస్త సన్న సూది మీద అల్లండి, నిలబడుతుంది. దుకాణంలో జాగ్రత్త. మన దగ్గర దొరికే పాత రకం సూదుల మీద నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు అంటే 3.25. మీరు 8తో అల్లి ఉంటే 10 అడగండి.